కాగితం మీది గుర్రాలు

డ్రాగ్ రేసు మొత్తం పది పదిహేను సెకన్ల వ్యవహారం. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. దీపాలు వరసగా వెలుగుతాయి. తిన్నగా పావు మైలు, అంటే 1,320 అడుగులు, మన కొలతలో సుమారు 402 మీటర్లు పరిగెత్తుతాయి. మలుపుల్లేవు, చుట్లు లేవు. ఎవరి బండి ముందు గీత దాటితే వాళ్లది గెలుపు. ఇంతకన్నా సాదా పందెం మరొకటి ఉండదనిపిస్తుంది.

స్టాక్ తరగతి, అంటే కంపెనీ కార్లు కంపెనీ కార్లుగానే పరిగెత్తే తరగతి, పోటీ చూస్తే ఆ అభిప్రాయం మారిపోతుంది. అక్కడ ఒక పక్క 1969 నాటి ఎనిమిది సిలిండర్ల కమారో, మరో పక్క దానిలో సగం బలం కూడా లేని చిన్న కారు నిలబడవచ్చు. ముందు చిన్న కారుకు పచ్చదీపం పడుతుంది. అది రెండొందల అడుగులు వెళ్లిపోయాక గానీ కమారో కదలదు. అయినా అవతలి గీత దగ్గర ఇద్దరి మధ్య తేడా సెకనులో వందో వంతులకూ వెయ్యో వంతులకూ దిగుతుంది. బలంలో ఏమాత్రం పొంతన లేని రెండు యంత్రాలను అంత దగ్గరకు తెచ్చే విభజన పద్ధతి ఒకటుంది. అది అమెరికా కార్ల కోసం పుట్టింది, అమెరికా కార్ల మీదే పెరిగింది. దిగుమతి కార్లకు అందులో చోటివ్వాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు దేశాభిమానం పేరుతో చాలా మాటలు నడిచాయి. అసలు పీటముడి మాత్రం ఒక అంకె దగ్గర పడింది. ఈ అధ్యాయం ఆ అంకె కథ.

పళ్లు లెక్కపెట్టే పద్ధతి

నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్, పొట్టిగా ఎన్‌హెచ్‌ఆర్‌ఏ, 1951లో కాలిఫోర్నియాలో పుట్టింది. స్థాపించినవాడు వాలీ పార్క్స్, హాట్ రాడ్ పత్రిక సంపాదకుడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కుర్రాళ్లు పాత ఫోర్డు కార్లకు పదును పెట్టి, ఎండిన సరస్సుల మీదా, రాత్రిపూట ఊరి రోడ్ల మీదా పందేలు వేసుకునేవారు. వాళ్లను రోడ్ల మీద నుంచి తప్పించి, ఒక కంచె లోపల, నియమాల కింద పరిగెత్తించాలన్నది పార్క్స్ ఆలోచన. 1953లో పొమోనాలో మొదటి అధికారిక పోటీ, 1955లో కాన్సస్ రాష్ట్రంలోని గ్రేట్ బెండ్‌లో మొదటి జాతీయ పోటీ జరిగాయి.

నియమాలనగానే మొదటి చిక్కు: ఎవరిని ఎవరితో నిలబెట్టాలి? గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తిరునాళ్లకు జరిగే బండలాగుడు పోటీల్లో ఈ చిక్కును మనవాళ్లు పళ్లతో తీర్చారు. రెండు పళ్ల ఎడ్లు ఒక విభాగం, నాలుగు పళ్లవి ఒకటి, ఆరు పళ్లవి ఒకటి, ఆపైన సీనియర్లు. ఎద్దు బలాన్ని ఎవరూ కొలవరు, నోరు తెరిచి పళ్లు చూస్తారు. పళ్లు వయసుకు గుర్తు, వయసు బలానికి గుర్తు. స్టాక్ తరగతిలో కూడా కారు బలాన్ని నేరుగా కొలవరు. దానికి బదులు ఒక గుర్తు చూస్తారు. కంపెనీ నుంచి బయటకొచ్చినప్పటి బరువును హార్స్‌పవర్‌తో భాగిస్తారు. ఒక్కో గుర్రానికి ఎన్ని పౌండ్ల మోత పడుతుందో అదే తరగతిని నిర్ణయిస్తుంది. మోత తక్కువైతే పై తరగతి, ఎక్కువైతే కింది తరగతి.

ప్రతి తరగతికీ ఇండెక్స్ అనే ప్రామాణిక సమయం ఉంటుంది. అర్హత పరుగుల్లో ఎవరు తమ ఇండెక్స్ కన్నా ఎంత తక్కువలో పరిగెత్తారన్నదే లెక్క. అసలు పోటీలో ప్రతి డ్రైవరూ తన కారు ఎంతలో పరిగెడుతుందో ముందే చెప్పి అద్దం మీద రాసుకుంటాడు. దాన్ని డయల్-ఇన్ అంటారు. ఒకరు 15.20 అని రాసి, మరొకరు 10.70 అని రాస్తే, మొదటివాడికి నాలుగున్నర సెకన్లు ముందుగా దీపం పడుతుంది. తక్కువ బలమున్నట్టు నటించి గెలుద్దామంటే కుదరదు. రాసినదానికన్నా వేగంగా పరిగెత్తితే బ్రేకవుట్, అంటే ఓటమి. ఇక్కడ గెలిచేది వేగం కాదు, తన బండి గురించి తనకు తెలిసిన నిజం. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా నచ్చే నియమం ఇదే.

డయల్-ఇన్ అన్నీ సరిచేస్తుంటే హార్స్‌పవర్ అంకెతో పనేమిటని అడగవచ్చు. పనుంది. ఒకే తరగతికి చెందిన రెండు కార్లు ఎదురుపడితే డయల్-ఇన్ చెల్లదు, బ్రేకవుట్ ఉండదు. ఇద్దరికీ ఒకేసారి పచ్చదీపం. అప్పుడు కాగితం మీద తన బలాన్ని తక్కువ రాయించుకున్నవాడిదే పైచేయి. స్టాక్ పందేల్లో తగవులన్నీ ఈ ఒక్క చోటుకే వచ్చి ఆగుతాయి.

ఘనమూలం చేసే మాయ

బరువును శక్తితో భాగించడం గాలిలో పుట్టిన సూత్రం కాదు, దాని వెనక న్యూటన్ ఉన్నాడు. ఇంజన్ ఒకే శక్తితో నెడుతున్నప్పుడు వేగం పెరిగేకొద్దీ తోపుడు బలం తగ్గుతుంది, ఎందుకంటే శక్తి అంటే బలాన్ని వేగంతో గుణించగా వచ్చేదే. ఈ లెక్క సాగదీస్తే తేలేదేమిటంటే, నిర్ణీత దూరం దాటడానికి పట్టే కాలం, బరువును శక్తితో భాగించగా వచ్చిన అంకెకు ఘనమూలంగా మారుతుంది. అమెరికాలో రోజర్ హంటింగ్టన్ అనే ఆటోమొబైల్ రచయిత ఇలాంటి ఘనమూల సూత్రాలను పందెగాళ్లకు పరిచయం చేశాడు. ఆ తర్వాత పాట్రిక్ హేల్ వాటికి మెరుగు పెట్టాడు. హేల్ సూత్రం ప్రకారం పౌండ్లలో బరువును హార్స్‌పవర్‌తో భాగించి, ఘనమూలం తీసి, 5.825తో గుణిస్తే పావు మైలు సమయం సెకన్లలో వస్తుంది.

డ్రైవరుతో కలిపి 3,000 పౌండ్ల కారు, 200 హార్స్‌పవర్ అనుకుందాం. ఒక్కో గుర్రానికి 15 పౌండ్లు. సమయం సుమారు 14.4 సెకన్లు. అదే కారులో 400 హార్స్‌పవర్ ఇంజన్ పెడితే 11.4 సెకన్లు. శక్తి రెండింతలైంది, సమయం మాత్రం అయిదింట ఒక వంతే తగ్గింది. ఘనమూలం పెద్ద తేడాలను ఇలా నొక్కేస్తుంది. పొంతన లేని కార్లు ఒకే ట్రాక్ మీద ఇమడటానికి సగం కారణం ఇదే.

దీనికి రెండో ముఖం ఉంది. గీత దగ్గరి వేగం, అంటే చివరి 66 అడుగుల్లో కొలిచే వేగం, శక్తిని బరువుతో భాగించిన అంకెకు ఘనమూలంగా ఉంటుంది. దీన్ని తిరగేస్తే శక్తి వేగం ఘనాన్ని బట్టి మారుతుంది, కాబట్టి వేగంలో చిన్న తేడా కూడా ఇంజన్ రహస్యాన్ని బయటపెడుతుంది. పైన చెప్పిన 200 హార్స్‌పవర్ కారు గంటకు సుమారు 95 మైళ్ల వేగంతో గీత దాటాలి. అది 100 మైళ్లతో దాటిందనుకోండి, లోపల ఉన్నవి 234 గుర్రాలు. బ్రోషర్‌లో రాయని 34 గుర్రాలు దొరికిపోయినట్టే. టైర్లు జారినా, బయల్దేరడంలో తడబడినా సమయం దెబ్బతింటుంది గానీ చివరి వేగం అంతగా దెబ్బతినదు. అందుకే అనుభవమున్నవాళ్లు తీర్పు చెప్పేముందు సమయంతో పాటు వేగమూ చూస్తారు.

అబద్ధాలు ఎటువైపు?

కంపెనీలు ఇచ్చే హార్స్‌పవర్ అంకెకు పెద్ద చరిత్రే ఉంది, అందులో గర్వపడాల్సింది తక్కువ.

1960ల చివర్లో అమెరికాలో బలమైన కార్ల మీద ఇన్సూరెన్స్ కంపెనీలు కన్నేశాయి. హార్స్‌పవర్ ఎక్కువైతే ప్రీమియం ఎక్కువ. దాంతో కొన్ని ఇంజన్లు కాగితం మీద చిక్కిపోయాయి. 1968 ఫోర్డు 428 కోబ్రా జెట్‌కు కంపెనీ చెప్పిన లెక్క 335. ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నమ్మలేదు, తన జాబితాలో 360గా సవరించి రాసుకుంది. 1969లో షెవర్లే 69 కమారోలకు జెడ్‌ఎల్1 అనే అల్యూమినియం ఇంజన్ బిగించి 430 అని చెప్పింది. 500 దాటుతుందని అప్పట్లో తెలియనివాడు లేడు. బలం తక్కువ చెబితే ఇన్సూరెన్సులోనూ లాభం, పందెంలోనూ లాభం.

తర్వాత కొలత పద్ధతే మారింది. అంతవరకూ ఇంజన్‌ను ఒంటరిగా బల్ల మీద నిలబెట్టి, సైలెన్సర్ లేకుండా, ఫ్యాను, ఆల్టర్నేటర్ లాంటి మోతలు తీసేసి కొలిచేవారు. అది స్థూల శక్తి. 1972 నుంచి అమెరికా కంపెనీలు అన్నీ బిగించి కొలిచే నికర శక్తికి మారాయి. మధ్యలో 1971లో జనరల్ మోటార్స్ రెండు అంకెలూ ప్రకటించింది: కార్వెట్‌లోని ఎల్‌టీ-1 ఇంజన్‌కు స్థూలంగా 330, నికరంగా 275. ఇంజన్ అదే, పోయిందల్లా 55 గుర్రాల భ్రమ. స్టాక్ జాబితాలో మాత్రం ఈ రెండు కాలాల కార్లూ పక్కపక్కనే ఉండాలి.

ఇక జపాను సంగతి. అక్కడి కంపెనీలు 1989 నుంచి తమలో తాము ఒక పెద్దమనుషుల ఒప్పందం పాటించాయి. స్వదేశంలో అమ్మే ఏ కారుకూ 280కి మించిన శక్తి ప్రకటించకూడదని. 2004లో హోండా లెజెండ్ 300తో వచ్చేదాకా అది నడిచింది. ఆ పదిహేనేళ్లలో ఇంజనీర్లు ఖాళీగా కూర్చోలేదు, కాగితం మీద అంకె కదల్లేదంతే. అదే టొయోటా సూప్రా టర్బో కారు అమెరికాలో 320, జపానులో 280. రెండింటి టర్బోల్లో, ఇంజెక్టర్లలో కొంత తేడా ఉన్న మాట నిజమే. ఆ 40 గుర్రాల్లో తేడా వల్ల వచ్చినవెన్నో, ఒప్పందం మింగినవెన్నో బ్రోషర్ చెప్పదు.

పైగా ఆ 280 అమెరికా 280 కాదు. జపాను, యూరప్ కంపెనీలు వాడేది పీఎస్, మెట్రిక్ అశ్వశక్తి: 75 కిలోల బరువును సెకనుకు ఒక మీటరు ఎత్తే శక్తి, 735.5 వాట్లు. జేమ్స్ వాట్ నాటి హార్స్‌పవర్ 745.7 వాట్లు. 280 పీఎస్ అంటే 276 హార్స్‌పవర్. తేడా ఒకటిన్నర శాతం కూడా లేదు, ఘనమూలం దాన్ని ఇంకా మూడో వంతుకు కుదిస్తుంది. అయినా 14 సెకన్ల పరుగులో అది 0.06 సెకన్ల పైమాట. గంటకు 100 మైళ్ల వేగంలో దాదాపు మూడు మీటర్లు. ఒకే తరగతి కార్లు తలపడే చోట మూడు మీటర్లంటే బాగా దూరం.

అబద్ధం ఎప్పుడూ కిందికే నడుస్తుందనుకోకండి. ఇన్సూరెన్స్ భయం పోయి షోరూమ్ పోటీ వచ్చాక అంకెలు పైకి జరిగాయి. 2001 మియాటాకు మజ్డా 155 హార్స్‌పవర్ అంది, తర్వాత 142కు దిగి, కావాలంటే కారు వెనక్కి తీసుకుంటామని కొన్నవాళ్లకు చెప్పింది. దిగుమతులకే ఈ జబ్బు ఉందనడానికీ వీల్లేదు. 1999 ముస్టాంగ్ కోబ్రాకు ఫోర్డు 320 అని చెప్పి, అంత రాకపోయేసరికి కార్లను వెనక్కి పిలిపించి సరిచేయాల్సొచ్చింది. 2005లో అమెరికా ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం పరీక్ష నియమాల్లోని సందులు మూసి, సాక్షి ఎదుట కొలిచే పద్ధతి తెచ్చింది. ఆ దెబ్బకు మూడు లీటర్ల వీ6 ఇంజన్ ఉన్న టొయోటా క్యామ్రీ 210 నుంచి 190కి పడింది. అమెరికాలోని మన తెలుగువాళ్ల ఇళ్ల ముందు అప్పటికే నిలబడి ఉన్న క్యామ్రీల్లో ఒక్క బోల్టు కూడా మారలేదు.

స్టాక్ జాబితా రాసేవాడి చేతికి వచ్చే అంకెలు ఇవీ. స్థూలం, నికరం, ఒప్పందం, పీఎస్, భయంతో తగ్గించినది, ఆశతో పెంచినది. అమెరికా కార్ల విషయంలో ఎన్‌హెచ్‌ఆర్‌ఏకు ఒక రక్షణ ఉంది. అవి దశాబ్దాలుగా వేల పరుగులు తీశాయి. ఫలానా ఇంజన్ ఉన్న కార్లు ఇండెక్స్ కన్నా మరీ తక్కువలో పరిగెడుతున్నాయని తేలితే, దాని హార్స్‌పవర్‌ను కాగితం మీద పెంచే ఏర్పాటు ఉంది. తగ్గించడమూ ఉంది. అంటే ఆ అంకె కంపెనీ మాటగా మొదలై, పరుగుల లెక్కతో మెల్లగా నిజం వైపు జరుగుతుంది. శాస్త్రంలో ఒక ఊహ పరిశీలనలతో సవరణకు లోనయ్యే తీరు సరిగ్గా ఇదే.

అయితే ఇక్కడ కొలవబడేవాడికి తనను కొలుస్తున్నారని తెలుసు. అర్హత పరుగులో గీతకు కాస్త ముందు పెడల్ మీద నుంచి కాలు తీసేస్తే సమయం పెరుగుతుంది, అంకె మీద కన్ను పడదు. గ్రహాలు ఖగోళ శాస్త్రజ్ఞుణ్ణి చూసి నెమ్మదించవు, పందెగాళ్లు నెమ్మదిస్తారు.

గుమ్మం బయట దశాబ్దాలు

విదేశీ కార్లు డ్రాగ్ స్ట్రిప్‌కు కొత్త కావు. 1960ల్లోనే కాలిఫోర్నియాలోని ఎంపీ సంస్థ వాళ్ల ‘ఇంచ్ పించర్’ అనే ఫోక్స్‌వాగన్ బీటిల్ తనకన్నా పెద్ద బండ్లను ఏడిపించింది. కానీ అది బాగా మార్చిన కార్ల తరగతి. కంపెనీ కారు కంపెనీ కారుగానే పరిగెత్తే స్టాక్ వేరే లోకం. అక్కడ డెట్రాయిట్ కంపెనీల పరువు కూడా పందెంలో ఉండేది. ఆదివారం గెలిచిన కారు సోమవారం అమ్ముడుపోతుందని వాళ్ల నమ్మకం.

1980ల వాతావరణం కూడా గుర్తుంచుకోవాలి. జపాను కార్ల ధాటికి డెట్రాయిట్‌లో ఉద్యోగాలు పోతున్న రోజులు. 1981లో జపాను ఏటా 16 లక్షల 80 వేల కార్లకు మించి అమెరికాకు పంపనని ఒప్పుకోవాల్సొచ్చింది. 1982 జూన్‌లో డెట్రాయిట్ పక్కనే విన్సెంట్ చిన్ అనే చైనా సంతతి యువకుణ్ణి, ఆ కోపంలో ఒక కార్ల కంపెనీ ఉద్యోగి కొట్టి చంపాడు. చిన్ జపాను వాడు కూడా కాదు. దిగుమతి కారు అన్నది ఆ రోజుల్లో కేవలం సాంకేతిక మాట కాదు.

ఎనిమిదేళ్ల తర్వాత, 1990లో, లాస్ ఏంజెలెస్‌కు ఉత్తరాన పామ్‌డేల్ డ్రాగ్ స్ట్రిప్‌లో ఫ్రాంక్ చోయ్ ‘బ్యాటిల్ ఆఫ్ ది ఇంపోర్ట్స్’ పోటీ పెట్టాడు. దక్షిణ కాలిఫోర్నియాలోని ఆసియా సంతతి కుర్రాళ్లు హోండా సివిక్‌లూ ఇంటెగ్రాలూ తెచ్చారు. పెద్దవాళ్లు కాలేజీకి వెళ్లి రావడానికి కొనిచ్చిన కార్లు. ఆ తర్వాత కథ చాలామందికి తెలుసు. 1998లో వైబ్ పత్రికలో కెన్నెత్ లీ రాసిన వ్యాసం, దాని ఆధారంగా 2001లో ‘ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్’ సినిమా. అదే ఏడాది ఎన్‌హెచ్‌ఆర్‌ఏ ఈ చిన్న కార్లకు వేరే పోటీల వరుస మొదలుపెట్టింది. 2007 తర్వాత దాన్ని ఆపేసింది. వేరుగా పెట్టడం సులువు. వేరుగా పెట్టినదాన్ని తీసేయడం అంతకన్నా సులువు.

ఈలోగా పై అంతస్తులో బ్రాండ్లకు అడ్డేమీ లేకపోయింది. 2015లో డెల్ వర్షామ్, 2018లో జె.ఆర్. టాడ్ ఫన్నీ కార్ విభాగంలో టొయోటా క్యామ్రీతో జాతీయ విజేతలయ్యారు. ఆ క్యామ్రీ కార్బన్ ఫైబర్‌తో పోతపోసిన ఒక ముసుగు. కింద ఉన్నది పాత అమెరికన్ హెమీ వంశానికి చెందిన పందెం ఇంజన్, నైట్రోమీథేన్ తాగేది. ముసుగుకు పాస్‌పోర్టు అక్కర్లేదు. నిజమైన క్యామ్రీని నిజమైన ఇంజన్‌తో స్టాక్‌లోకి తేవాలంటేనే తంటా.

అసలు ఏది దిగుమతి? హోండా అకార్డ్ 1982 నవంబరులో ఒహాయోలోని మేరీస్‌విల్‌లో తయారవడం మొదలైంది. క్యామ్రీ 1988లో కెంటకీలో. మరోవైపు 1993 నుంచి 2002 దాకా వచ్చిన కమారోలు కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో తయారయ్యాయి. 2008లో మళ్లీ వచ్చిన డాడ్జ్ చాలెంజర్ పుట్టిల్లు కూడా కెనడాయే, ఒంటారియోలోని బ్రాంప్టన్. 2004లో మళ్లీ వచ్చిన పోంటియాక్ జీటీఓ అయితే ఆస్ట్రేలియా నుంచి ఓడెక్కి వచ్చింది. పెనుకొండ దగ్గర తయారయ్యే కియా సెల్టోస్ కొరియాదా, రాయలసీమదా అని మనం తేల్చగలిగితే అమెరికా వాళ్లూ ఇది తేల్చగలరు. జన్మస్థలాన్ని బట్టి గీత గీస్తే కండబలానికి మారుపేరైన కార్లే గుమ్మం బయట పడతాయి. కాబట్టి ఆ గీతకు ఇంజనీరింగ్ ఆధారం లేదు, ఎప్పుడూ లేదు.

గుమ్మం దాటాక అసలు పరీక్ష

తలుపు తీయడం ఒక ఎత్తు, లోపలికి వచ్చినవాణ్ణి సరైన వరసలో నిలబెట్టడం మరో ఎత్తు. ఇక్కడే దిగుమతి కార్లు పాత పద్ధతిలోని లోపాలను బయటపెడతాయి.

మొదటిది చక్రాలు. పాత అమెరికా కార్లను వెనక చక్రాలు తోస్తాయి, సివిక్ లాంటివాటిని ముందు చక్రాలు లాగుతాయి. కారు ముందుకు ఉరికినప్పుడు బరువు వెనక్కి ఒరుగుతుంది. వెనక చక్రాల కారుకు అది వరం, తోసే టైర్లనే అది నేలకు అదుముతుంది. ముందు చక్రాల కారుకు శాపం, లాగే టైర్ల మీదినుంచే బరువు తప్పుకుంటుంది. ఎంత తేడా వస్తుందో లెక్కేద్దాం. కారు గురుత్వ కేంద్రం ఎత్తు, ముందు వెనక చక్రాల మధ్య దూరంలో అయిదో వంతు అనుకుందాం. పందెం టైర్ల పట్టు విలువ 1.5. సివిక్ లాంటి కారుకు ముందు చక్రాల మీద 60 శాతం బరువుంటుంది, నిలబడి ఉన్నప్పుడు చూస్తే దానిదే పైచేయి. బయల్దేరేసరికి అది 46 శాతానికి పడిపోతుంది. అందుకోగల గరిష్ఠ త్వరణం 0.69 జీ. వెనక చక్రాల మీద 45 శాతమే ఉన్న పాత కారుకు ఆ వాటా 64 శాతానికి పెరుగుతుంది, త్వరణం 0.96 జీ. మొదటి అరవై అడుగుల్లోనే పందెం చేజారుతుంది. మార్చిన తరగతుల్లో ముందు చక్రాల కార్లకు వెనక పొడవాటి వీలీ బార్లు పెట్టి కారు వెనక్కి కూలబడకుండా ఆపేవారు. స్టాక్‌లో అలాంటివి పెడితే స్టాక్ అనరు. బరువు, శక్తి ఒకటే అయినా ఈ రెండు రకాల కార్లను ఒకే తరగతిలో నిలబెట్టడం అన్యాయం. వాటికి వేరే తరగతులు కావాలి. ఇది దయ కాదు, భౌతికశాస్త్రం.

రెండోది వాల్వులు. స్టాక్ నియమాల్లో వాల్వులను లేపే కామ్‌షాఫ్ట్‌ను మార్చుకోవచ్చు గానీ, వాల్వు పైకి లేచే ఎత్తు కంపెనీ ఇచ్చినంతే ఉండాలి. తనిఖీ చేసేవాడు డయల్ గేజి పెట్టి ఆ ఎత్తు కొలుస్తాడు. హోండా 1989లో వీటెక్ తెచ్చింది. అందులో ఒక్కో సిలిండర్ దగ్గర కామ్‌షాఫ్ట్ మీద రెండు రకాల ఉబ్బులుంటాయి. తక్కువ వేగంలో చిన్న ఉబ్బులు పనిచేస్తాయి. వేగం పెరిగాక ఆయిలు ఒత్తిడితో ఒక పిన్ను జరిగి, మధ్యలోని పెద్ద ఉబ్బు అన్నిటినీ నడిపిస్తుంది. 1.6 లీటర్ల బుల్లి ఇంజన్ నుంచి, టర్బో లేకుండా, 160 హార్స్‌పవర్ వచ్చింది ఇందువల్లే. మరి జాబితాలో ‘వాల్వు ఎత్తు’ అన్న గడిలో ఏ అంకె రాయాలి? ఇంజన్ ఆపి కొలిస్తే చిన్నదే కనిపిస్తుంది. ఏ వేగం దగ్గర పెద్ద ఉబ్బుకు మారాలో చెప్పేది కంప్యూటరు, దాన్ని గేజితో కొలవలేం. కార్బ్యురేటర్‌ను చేత్తో పట్టుకుని చూడొచ్చు, సాఫ్ట్‌వేర్‌ను చూడలేం.

టర్బో కార్లదీ అదే బాధ, ఇంకాస్త ముదిరి. టర్బో ఎంత ఒత్తిడితో గాలి నింపాలో కంప్యూటరు చెబుతుంది. నాలుగు మీటలు నొక్కితే యాభై గుర్రాలు పుట్టుకొస్తాయి, బానెట్ ఎత్తి చూస్తే అంతా కంపెనీ సరుకే. దీనికి తోడు ఎత్తు సమస్య. డెన్వర్ పక్కన 2023 దాకా నడిచిన బ్యాండిమేర్ ట్రాక్ సముద్ర మట్టానికి 5,800 అడుగుల ఎత్తున ఉండేది. అక్కడ గాలి పలచన, మామూలు ఇంజన్ శక్తిలో దాదాపు అయిదో వంతు పోతుంది. అందుకని ఎత్తైన ట్రాకుల్లో ఇండెక్సులను సడలిస్తారు. టర్బో మాత్రం గాలిని ఎలాగూ తానే కుక్కుతుంది, పోగొట్టుకునేది తక్కువ. అందరికీ ఒకే సడలింపు ఇస్తే దానికి ఉచితంగా లాభం చేకూరుతుంది.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా గట్టిది: పరుగుల లెక్క లేకపోవడం. పాత 350 షెవర్లే ఇంజన్‌ను వందలమంది తోలారు, సగటు తీస్తే మనిషి ప్రభావం కరిగిపోయి ఇంజన్ మిగులుతుంది. ఒక దిగుమతి కారును దేశం మొత్తం మీద ముగ్గురే తోలితే? అందులో ఒకడు మహా నేర్పరి అయితే? అతను ఇండెక్స్ కన్నా సెకను తక్కువలో పరిగెత్తాడని ఆ ఇంజన్ అంకె పెంచేస్తే, మిగతా ఇద్దరూ చెయ్యని తప్పుకు శిక్ష అనుభవిస్తారు. ఆ అంకె కారుదా, మనిషిదా అని విడదీయడానికి నమూనా చాలదు.

ఈ ఇబ్బందులన్నీ చూపించి దిగుమతులు వద్దనేవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఒక జవాబు స్టాక్ జాబితాలోనే ఉంది. 2008లో ఫోర్డు 50 ముస్టాంగ్ కోబ్రా జెట్‌లు, 2012లో షెవర్లే 69 కోపో కమారోలు పందెం కోసమే తయారుచేశాయి. వాటిని రోడ్డు మీద నడపడానికి రిజిస్ట్రేషన్ దొరకదు. ఏ షోరూమ్ నుంచీ ఏ కుటుంబమూ వాటిలో ఇంటికి వెళ్లలేదు. అయినా స్టాక్‌లో అవి పరిగెత్తాయి. వాటి హార్స్‌పవర్ అంకెల మీద తగవులూ పడ్డాయి, సవరణలూ జరిగాయి. లక్షల్లో అమ్ముడై, రోజూ ఆఫీసుకు వెళ్లొచ్చే సివిక్‌ను స్టాక్ కాదనడం, నంబరు ప్లేటే లేని బండిని స్టాక్ అనడం ఒకే నోట కుదిరే మాటలు కావు.

చేయాల్సింది కష్టమే గానీ తెలియనిది కాదు. కొత్తగా వచ్చే కారుకు కంపెనీ అంకెను తాత్కాలికంగానే తీసుకోవాలి. స్థూలమో నికరమో, పీఎస్సో హార్స్‌పవరో చూసి ఒకే కొలతకు తేవాలి. ముందు చక్రాలవాటిని విడిగా పెట్టాలి. కంప్యూటరును కూడా ఇంజన్ భాగంగా లెక్కగట్టి, కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో పోల్చి చూడాలి. మొదటి రెండు మూడు సీజన్లు సమయాన్ని కాక గీత దగ్గరి వేగాన్ని చూసి అంకెను దిద్దాలి, ఎందుకంటే డ్రైవరు నేర్పు సమయంలో ఎక్కువగా, వేగంలో తక్కువగా కనిపిస్తుంది. కోబ్రా జెట్‌కు 1968లో జరిగింది కూడా ఇంచుమించు ఇంతే. ఎవరూ దాన్ని గెంటేయలేదు, 335ను 360 చేసి పరిగెత్తనిచ్చారు. ఆ మర్యాదే సివిక్‌కూ దక్కాలి.

మీ ఇంట్లో కారు ఉంటే దాని బ్రోషర్ ఒకసారి తీసి చూడండి. శక్తి గడిలో పీఎస్ అని ఉందా, బీహెచ్‌పీ అని ఉందా, ఎంత ఆర్‌పీఎమ్ దగ్గర అని రాశారా గమనించండి. ఆపై కారు బరువుకు ఇంట్లోవాళ్ల బరువు కూడా కలిపి, పౌండ్లలోకి మార్చి, హేల్ సూత్రంలో వేసి చూసుకోండి. వచ్చిన అంకెను నిజమో కాదో తేల్చుకోవడానికి మాత్రం దయచేసి రింగ్ రోడ్డు ఎక్కకండి.